దానిమ్మ కొమ్మ మీద పిట్ట

మా ఆవిడకు డబ్బు మీద ఆశ లేదు, నగల మీద మోజు లేదు, పక్కింటి వాళ్ళు ఏం కొన్నా పట్టించుకోదు. ఉన్న కుళ్ళంతా కూడబెట్టి ఒకే ఒక్క మనిషి కోసం దాచుకుంది. ఆ మనిషి మా అన్నయ్య భార్య, అంటే మా వదిన. వదిన మాట ఎత్తితే చాలు, మా ఆవిడ ముక్కు కొస ఎర్రబడుతుంది. నేను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తాను. పొద్దస్తమానం మనుషుల ముక్కులు దగ్గరగా చూసేవాణ్ణి. ఈ విషయంలో నేను పొరబడను.

తోడికోడళ్ళిద్దరికీ సూదిపని పిచ్చి. గొడవంతా అక్కడే ఉంది. వదిన బొమ్మ అచ్చేసిన గుడ్డ కొట్లో కొనుక్కుంటుంది. దాంతోపాటు వచ్చిన దారాలు రంగుల వరసలో పేర్చుకుంటుంది. ఒక మూల మొదలుపెట్టి ఇంకో మూల ముగిస్తుంది. ఫ్రేము కట్టించి గోడకు తగిలించాకే ఇంకో గుడ్డ కొంటుంది. వాళ్ళింట్లో నేల మీద దారప్పోగు పడి ఉండగా నేను ఇంతవరకు చూడలేదు. వాళ్ళింటికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ మా ఆవిడకు కన్ను కుడుతుంది. ఆ రాత్రి కూరలో ఉప్పు ఎక్కువవుతుంది.

మా ఆవిడ దారి వేరు. అచ్చుబొమ్మ ముట్టుకోదు. తెల్లగుడ్డ ఒళ్ళో వేసుకుని, పెన్సిల్ తీసుకుని, ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూనే ఏదో గీసేస్తుంది. ఆ గీత చూస్తే నాకే ముచ్చటేస్తుంది. సగం దాకా కుడుతుంది. అంతలో ఇంకో ఆలోచన తగులుతుంది. ఈ సగం గుడ్డ సంచిలోకి, సంచి మంచం కిందికి, మంచం కింద చోటు చాలకపోతే సోఫా వెనక్కి పోతుంది. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునే ఉద్యోగం ఆమెది. లోపల ఎవరో నోరు తెరుచుకుని కేకలు పెడుతుంటే ఈవిడ బల్ల చాటున కుట్టు కుట్టుకుంటూ ఉంటుంది. డాక్టరు చూసీ చూడనట్టు ఊరుకుంటాడు, ఆయన కోటు గుండీలు ఊడితే కుట్టిపెట్టేది ఈవిడే కదా. ఇంటికొచ్చాక కూడా గుడ్డ బిగించుకునే ఆ కుట్టు రింగు ఒళ్ళోంచి దిగదు. నిజం చెప్పాలంటే దాని మీద నాకూ అసూయే. పెళ్ళయిన కొత్తలో కూడా నన్ను అంతసేపు అంత శ్రద్ధగా చూడలేదు.

ఇంకో మాట చెప్పాలి. ఆమెది ఎడంచేతి వాటం. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆమెను "పుర్రచెయ్యీ" అనే పిలిచేది. అది తిట్టు కాదు, ముద్దు పేరే. కానీ వదిన ముందు అలా పిలిస్తే మా ఆవిడకు తిట్టులాగే వినిపించేది.

మా ఇంటి నేల చలికాలంలో మంచుగడ్డే. చివరికి హాలుకీ పడకగదికీ గోడ నుంచి గోడ దాకా కార్పెట్ వేయిద్దామనుకున్నాం. కొలతలు తీసుకోవడానికి కార్పెట్లు పరిచే ఆయన వచ్చాడు. మోకాళ్ళ మీద పాకుతూ టేపు లాగుతున్నవాడు సోఫా దగ్గర "అబ్బా!" అని ఎగిరి కూర్చున్నాడు. పాంటు పైకి లాగి మోకాల్లోంచి సూది పీకి వెలుతురులో పట్టుకు చూశాడు.

"ఇంట్లో టైలరు ఎవరండీ?"

"టైలరు ఎవరూ లేరండీ. మా ఆవిడ హాబీ," అన్నాను.

"హాబీ బాగానే దిగిందండీ," అని ఆయన మోకాలు రుద్దుకున్నాడు. "రెండు గదులూ ఖాళీ చేసి పెట్టండి. మంచం కింద, సోఫా వెనక ఏమీ ఉండకూడదు. సూది అస్సలు ఉండకూడదు. కార్పెట్ కింద సూది ఉండిపోతే ఎప్పటికైనా పైకే వస్తుంది. ఎవరి కాల్లో దిగుతుందో నేను చెప్పలేను."

ఆయన వెళ్ళగానే మా ఆవిడ మూతి ముడిచింది. "అదే అక్క వాళ్ళింట్లో అయితే కాళ్ళు చాపుకుని పడుకుని కొలిచేవాడు," అంది. ఎవరూ అనకముందే తనే అనేసుకోవడం ఆమెకు అలవాటు.

దుకాణంలో కళ్ళజోడు మరలు పడిపోతే ఏరడానికి నా దగ్గర ఒక అయస్కాంతం ఉంది. దానికి దారం కట్టి తెచ్చి గదులన్నీ ఈడ్చాను. మంచం కింద ఒక్క చుట్టు తిరిగొచ్చేసరికి దానికి సూదులతో గడ్డం మొలిచింది. మా ఆవిడ ఒక్కొక్కటీ పీక్కుంటూ, తప్పిపోయిన పిల్లలు దొరికినంత సంబరపడింది. "ఇదిగో, దీని కోసం ఎంత వెతికానో!" అని ప్రతి సూదికీ అంది.

సంచులు బయటికి లాగాక అసలు తిప్పలు మొదలయ్యాయి. ఒక ఇనప పెట్టె ఇచ్చి, ఇందులో పట్టినవి ఉంచుకో, మిగిలినవి పంపించేద్దాం అన్నాను. ఒప్పుకుంది. ఒప్పుకుని ప్రతి గుడ్డా విప్పి ఒళ్ళో పరిచి, "ఇది పూర్తి చేస్తాను, ఇంక తోక ఒక్కటే మిగిలింది," అనేది. తోక మిగిలిన నెమలి, చక్రాలు లేని సైకిలు, సగం మొహం ఉన్న మా అమ్మ. అమ్మను మాత్రం నేనే పెట్టెలో పెట్టాను.

ఆ మధ్యాహ్నం వదిన వచ్చింది. పంపించేసే సంచులు కారులో వేసుకుని, పాతబట్టలు తీసుకునే చోట దింపుతానని అన్నయ్య చేత చెప్పించింది. సాయమే. కానీ మా ఆవిడ మొహం కందగడ్డ అయింది. ఇల్లంతా చిందరవందరగా ఉన్న రోజే రావాలా!

వదిన గుమ్మంలోనే నిలబడి ఒక గుడ్డ ఎత్తి చూసింది. "ఎంత బాగా గీశావే!" అంది.

"గీస్తే సరిపోదులే అక్కా. నీలాగా పూర్తి చెయ్యాలిగా," అంది మా ఆవిడ.

"అదీ నిజమే," అంది వదిన. అక్కడితో ఊరుకుని ఉండొచ్చు. ఊరుకోలేదు. "పూర్తి చెయ్యనివి ఎందుకే ఇన్నిన్ని మొదలుపెట్టడం?" అని కూడా అంది. మా ఆవిడ పళ్ళు నూరిన చప్పుడు నాకు వినిపించింది.

అడుగున ఉన్న సంచిలోంచి దానిమ్మ కొమ్మ బయటికొచ్చింది అప్పుడే. కిటికీ రెక్కంత గుడ్డ. కాయల బరువుకి వంగిన కొమ్మ, అందులో ఒక కాయ పగిలి ఎర్రటి గింజలు కనిపిస్తున్నాయి. గింజ గింజా ఒక్కో దారపు ముడి. కొమ్మ చివర ఒక పిట్ట. కొమ్మ సగమే కుట్టింది, పిట్టకు ఒక రెక్కే ఉంది. మా ఆవిడ ఇంతవరకు గీసిన వాటిలో ఇంతకంటే మంచిది లేదు. అది ఆమెకూ తెలుసు. కన్ను పెట్టినప్పుడల్లా పిట్ట చచ్చిన పిట్టలా చూస్తోందని విప్పి, మళ్ళీ పెట్టి, మళ్ళీ విప్పి, విసుగెత్తి వదిలేసింది. గుడ్డ చేతిలోకి తీసుకుని ఒక్కో గింజా వేలితో తడిమింది. ఇంతలో క్లినిక్ నుంచి ఫోను. ఎవరికో దవడ వాచిందట, డాక్టరు రమ్మన్నాడు. చెప్పులు వేసుకుంటూ ఆ గుడ్డ నా చేతిలో పెట్టి, "దీన్ని పక్కన పెట్టండి," అని వెళ్ళిపోయింది.

పక్కన పెట్టాను. గుమ్మం పక్కన, పంపించేసే సంచుల మీద.

తప్పు నాదంటే నేను ఒప్పుకోను. తప్పు మాటది. నాకోసం రెండు ముద్దలు పక్కన పెట్టు అంటే దాచమని అర్థం. ఆ గొడవ పక్కన పెట్టు అంటే వదిలెయ్యమని అర్థం. పొద్దున్నుంచీ సంచులు మోస్తున్న మనిషి చెవికి రెండో అర్థమే తడుతుంది. జడ్జిగారి ముందైనా ఇదే చెప్తాను.

వదిన సంచులన్నీ కారులో వేసుకెళ్ళింది. కార్పెట్ వేశారు. బూడిద రంగు, అడుగేస్తే మెత్తగా దిగుతుంది. మా ఆవిడ చెప్పులు వదిలి ఆ మూల నుంచి ఈ మూలకు నడిచి, "ఇప్పుడు రమ్మనండి మీ వదిన్ని," అంది. ఇనప పెట్టె మీద చెయ్యి వేసి, "ఈ గోడకి దానిమ్మ కొమ్మ. ఈసారి పూర్తి చేసే తీరతాను. దాని ముందు తన ఫ్రేములన్నీ దిగదుడుపే," అని మూత తెరిచింది. అడుగు దాకా వెతికింది. నా వైపు చూసింది.

తర్వాత జరిగింది రాయలేను. కార్పెట్ కొత్తది కాబట్టి ఏదీ విసరలేదు, అంతవరకు నయం. నేను ఆ పాతబట్టల వాళ్ళకు ఫోను చేశాను. వచ్చినవి వచ్చినట్టే మూటలు కట్టి పంపేశామన్నారు. వదినను ఒక్కసారి అడుగుదామంటే మా ఆవిడ ఒంటికాలి మీద లేచింది.

"ఆవిణ్ణి అడగాలా? 'అయ్యో, ఆమాత్రం జాగ్రత్త లేదేమే' అని ఆవిడ నోట అనిపించుకోవాలా? చచ్చినా అడగను."

అడగలేదు. కొన్నాళ్ళు రింగు కూడా ముట్టుకోలేదు. ఒళ్ళు ఖాళీగా పెట్టుకుని కూర్చుంటే నాకే చూడబుద్ధి కాలేదు. కుట్టుకోవే అని నేనే బతిమాలాను. కార్పెట్ మీద దుప్పటి పరిచిస్తాను, లేచేముందు అయస్కాంతం నేనే తిప్పుతాను అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఆ గుడ్డతో పాటు చెయ్యి కూడా పోయిందంది.

అన్నయ్యకు ఆఫీసులో ప్రమోషన్ వచ్చిందని భోజనానికి పిలిచారు. వాళ్ళ హాల్లోకి అడుగుపెట్టగానే మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎదురు గోడ మీద దానిమ్మ కొమ్మ. కొమ్మంతా నిండి ఉంది, పిట్టకు రెండో రెక్క వచ్చింది, ఫ్రేములో బిగించి ఉంది. చుట్టూ అన్నయ్య ఆఫీసు వాళ్ళు నిలబడి మెచ్చుకుంటున్నారు.

"మీ మిగతావాటిలా లేదండీ ఇది. దీనికి ప్రాణముంది," అంది ఒకావిడ.

వదిన "అవునండీ" అని ఒక్క మాట అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మా ఆవిడ భోజనం చెయ్యలేదు, కెలికింది. వదిన వడ్డిస్తుంటే ఆమె కుడి చూపుడువేలికి ప్లాస్టరు ఉండటం నేను చూశాను, మా ఆవిడా చూసింది. "కూరలు తరుగుతూ కోసుకుని ఉంటుంది. కళ్ళు ఆకాశంలో ఉంటే తెగవూ!" అంది నా చెవిలో. ఇంకాసేపాగి, "అద్దం కూడా వేయించలేదు చూడండి, పిసినారి," అంది.

ఇంటికొచ్చి కార్పెట్ మధ్యలో కూలబడింది. నేననుకున్నట్టు ఏడవలేదు. కడుపు మంటకు కన్నీళ్ళు కూడా ఆవిరైపోయినట్టున్నాయి.

"పోయిందనుకుంటే ఒక బాధ. ఆవిడ గోడ మీద ఉందంటే నేను బతకలేనండీ. నా గీత, నా గింజలు, నా పిట్ట. పేరు ఆవిడది. దాన్ని అక్కణ్ణించి దింపి ఇంటికి తెచ్చుకోకపోతే నేను మళ్ళీ సూది పట్టను."

"వెళ్ళి అడుగుదాం. నాది నాకివ్వమని."

"అడిగితే, నువ్వు పారేసిందే కదా అంటుంది. అలా కాదు. సాక్ష్యం కావాలి. రేపు దుకాణం నుంచి మీ భూతద్దం తీసుకురండి."

అప్పుడు చెప్పింది కిటుకు. కొమ్మల్నీ కాడల్నీ కుట్టే కుట్టు సన్నటి తాడు పేనినట్టు ఉంటుంది. కుడిచేతి వాళ్ళు కుడితే ఆ మెలి ఒక వైపుకి వాలుతుంది. ఎడంచేతి వాళ్ళు కుడితే రెండో వైపుకి. తన కుట్టు ఎక్కడ ఆగిందో, వదిన కుట్టు ఎక్కడ మొదలైందో మెలి తిరగబడిన చోట తెలిసిపోతుంది. ఆ అతుకు మీద వేలు పెట్టి, ఇక్కడిదాకా నాది అని అన్నయ్య ముందు చూపిస్తుందట. అంటున్నప్పుడు ఆమె కళ్ళు చూసి నాకు కాస్త భయమేసింది.

ఆదివారం వెళ్ళాం. అన్నయ్య బయటికి వెళ్ళాడట. కూర్చోండి, టీ పెడతానని వదిన లోపలికి వెళ్ళగానే మా ఆవిడ గోడ దగ్గరికి ఉరికింది. భూతద్దం పెట్టి కొమ్మ మొదలు నుంచి చివరి దాకా చూసింది. మళ్ళీ చివర నుంచి మొదలు దాకా చూసింది. ముక్కు కొస ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది.

"మీరు చూడండి. నా కళ్ళు పనిచెయ్యట్లేదు."

అద్దాలతో బతికేవాణ్ణి, నేనూ చూశాను. ఈ చివర నుంచి ఆ చివరికి మెలి అంతా ఒకే వైపు వాలి ఉంది. ఎడంచేతి వైపు. అతుకు లేదు.

"ఇదంతా నేనే కుట్టానా?" అంది మా ఆవిడ, పిచ్చిదానిలా. "ఎక్కడ ఆపాను నేను?"

"అతుకు కోసమేనా?" అని వెనక నుంచి వదిన గొంతు వినిపించింది. టీ కప్పులతో గుమ్మంలో నిలబడి ఉంది. నేను భూతద్దం జేబులో దాచబోయి కింద పడేశాను.

"నాదెంతవరకో చెప్పు అక్కా," అంది మా ఆవిడ. "చెప్పి, నాది నాకివ్వు."

"ఎంతవరకో నాకూ తెలీదే ఇప్పుడు." వదిన కప్పులు బల్ల మీద పెట్టింది. "మొదట నా కుడిచేత్తోనే కుట్టాను. చూస్తే చివర రెమ్మంతా అతికించినట్టు అసహ్యంగా కనిపించింది. విప్పేశాను. ఎడంచేత్తో నేర్చుకుని మళ్ళీ కుట్టాను. ఇదిగో, ఈ వేలు జల్లెడ అయింది." ప్లాస్టరు తీసి కుడి చూపుడువేలు చూపించింది. ఎడంచేత్తో సూది పట్టినవాళ్ళకే గుడ్డ కింద కుడిచేతి వేలికి పోట్లు పడతాయి. మా ఆవిడ వేలు కూడా అలాగే ఉంటుంది.

"నాకో మాట చెప్పకుండా..."

"చెప్తే తీసుకుపోతావని చెప్పలేదు. పారేసిందే కదా తెచ్చుకున్నానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను."

"నేను పారెయ్యలేదు! ఈయన పారేశారు!"

ఇద్దరూ నా వైపు తిరిగారు. "పక్కన పెట్టమంది వదినా," అన్నాను. నా గొంతు నాకే పీలగా వినిపించింది.

వదిన నన్ను లెక్కచెయ్యలేదు. "నీకు తెలీదే," అంది మా ఆవిడతో. "ఇన్నేళ్ళూ ఎవరో గీసిచ్చినవి నింపుతూ కూర్చున్నాను నేను. తెల్లగుడ్డ ముందు పెట్టుకుంటే నా చెయ్యి కదలదు. నువ్వు ఫోన్లో కబుర్లు చెప్తూ గీసిపడేస్తావు. గీసి, తీసుకెళ్ళి మంచం కింద తోస్తావు! ఒళ్ళు మండిపోయేది నాకు. ఆ రోజు గుమ్మం పక్కన ఇది చూసేసరికి నిన్ను చంపెయ్యాలనిపించింది."

వదినకు తన మీద అసూయ ఉండొచ్చన్న ఊహే మా ఆవిడకు ఎప్పుడూ తట్టలేదు. అన్నేళ్ళూ ఆ హక్కు తనొక్కదానిదే అనుకుంది పాపం.

"అన్నీ పూర్తి చేస్తానని పేరు కదా నాకు," అంది వదిన. "దీన్ని పూర్తి చెయ్యలేకపోయాను. సరిగ్గా చూడు."

మళ్ళీ చూశాం, ఈసారి భూతద్దం లేకుండా. పిట్టకు కన్ను లేదు. కన్ను ఉండాల్సిన చోట, కుట్టి విప్పి కుట్టి విప్పి పలచబడిన తెల్లగుడ్డ అలాగే ఉంది. అతుకు వెతకడంలో పడి ఇద్దరం దాన్ని చూడనేలేదు. ఊళ్ళో వాళ్ళ చూపులు సరిచేసే నేనూ చూడలేదు.

"వేరే గుడ్డల మీద పెట్టి చూశాను. ఎన్ని పెట్టినా బొత్తాంలాగే ఉంది. దీని మీద పెట్టే ధైర్యం చాల్లేదు. అందుకే అద్దం కూడా వేయించలేదు." వదిన ఫ్రేము దింపి మా ఆవిడ ఒళ్ళో పెట్టింది. "నువ్వే కుట్టు. కుట్టి మీ ఇంటికి పట్టుకుపో."

మా ఆవిడ భుజం దగ్గర బట్టకు గుచ్చుకున్న సూది తీసింది. కార్పెట్ వచ్చాక సూదులు ఒంటి మీద పెట్టుకు తిరగొద్దని ఎంత మొత్తుకున్నానో! వదిన నల్లదారం ఇచ్చింది. ఎడంచెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగింది, దిగింది. ఒక నల్లటి ముడి, దాని అంచున తెల్లటి చుక్క. అంతే. ఊదినంత సేపు పట్టలేదు.

పిట్ట బతికింది. మెడ వంచి, పగిలిన కాయలో మెరుస్తున్న గింజల వైపు, అవన్నీ ఇంకెవరివో అయినట్టు, గుర్రుగా చూస్తోంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఎన్నో ఏళ్ళుగా అది మా ఇంట్లోనే ఉంటోంది.

"ఎలా పెట్టావే?" అంది వదిన.

"ఏమో అక్కా. అలా వచ్చేసింది."

వదిన ఫ్రేముకు చుట్టడానికి కాగితం తెచ్చింది. మా ఆవిడ ఆ కాగితం తీసి పక్కన పెట్టింది. "వద్దక్కా. ఇక్కడే ఉండనీ," అంది. తనే లేచి ఫ్రేమును మేకుకు తగిలించి, వంకర లేకుండా సర్దింది.

ఇంత మంచితనం ఎప్పుడొచ్చిందో నాకు అర్థం కాలేదు. వీధి మలుపు తిరిగేదాకా ఆగి అడిగాను. "దాని కోసం ప్రాణం తీశావు కదా నాది. మరి వదిలేసి వచ్చావేం?"

"మనింట్లో ఉంటే నేను చూసుకుంటాను," అంది. "అక్కడుంటే తను చూస్తుంది. రోజూ. పొద్దున లేవగానే." చాలా రోజుల తర్వాత నవ్వింది. "తెల్లగుడ్డ ఉందా ఇంట్లో?" అని అడిగింది. "దుప్పటి పరిచి పెట్టండి. అయస్కాంతం ఎక్కడ పెట్టారు?"

ఇంటికి వచ్చేశామే గానీ, ఖాళీ చేతులతో ఆ పిట్ట ముందు నిలబడిన వదిన మొహం నాకు మరుపు రాలేదు. ఆమె ముక్కు కొస ఎర్రబడటం నేను మొదటిసారి చూశాను. ఆ రోజు మా ఆవిడ కన్ను కుట్టింది. మా వదినకు కన్ను కుట్టింది.